ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు: సగం సంగతి సెల్లార్‌లోనే తేలిపోతుంది

2018లో బ్రిటన్‌లో ఒక సంగతి బయటపడింది. కంపెనీలు లీజుకు తీసుకుని ఉద్యోగులకిచ్చిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు ప్లగ్గు పెట్టి చార్జి చేసే బ్యాటరీ కూడా ఉన్నవి, తిరిగొచ్చాక చూస్తే, కొన్నింటి డిక్కీలో చార్జింగ్ కేబుల్ ప్యాకింగ్ కవరు కూడా విప్పకుండా అలాగే ఉంది. పన్ను తగ్గుతుందని ఆ కార్లు ఎంచుకున్నారు, పెట్రోలు పోయించుకుని తిరిగారు. బ్యాటరీ ఉత్త బరువుగా వెంట తిరిగింది.

హైదరాబాద్‌లో ఆ పన్ను ఆశ కూడా లేదు. ఇక్కడ ఈ కారు కొన్నవాళ్లకు దక్కేది రోజూ రాత్రి ప్లగ్గు పెట్టడం వల్ల వచ్చే లాభమే. అందుకే టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పార్కింగ్ చూపించడం మేలు. వరస తిరగేసినట్టు అనిపించినా, డబ్బు మిగిలే వరస అదే.

షోరూముల్లో ‘హైబ్రిడ్’ అనే మాట మూడు రకాల కార్లకు వాడేస్తున్నారు. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం పడుతుందంతే, ఒంటరిగా కారును లాగలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ కొద్దిదూరం కరెంటు మీదే నడుస్తుంది, కానీ దానికి ప్లగ్గు ఉండదు. బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ తిరిగినప్పుడు తనకు తానే చార్జి చేసుకుంటుంది. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ ఈ కోవలోవి. హైరైడర్ బ్యాటరీ ముప్పావు కిలోవాట్ అవర్, అంటే కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఆ బ్యాటరీ సాధారణంగా 10 నుంచి 25 యూనిట్ల దాకా ఉంటుంది. గోడకు తగిలిస్తే చార్జి ఎక్కుతుంది. 40 నుంచి 80 కిలోమీటర్లు ఇంజిన్ లేవకుండా వెళ్తుంది. ఆ తర్వాత స్ట్రాంగ్ హైబ్రిడ్‌లా పెట్రోలు మీద నడుస్తుంది, కాకపోతే బరువైన స్ట్రాంగ్ హైబ్రిడ్‌లా.

ఇది కొత్త సరుకేమీ కాదు. చైనాలో బీవైడీ 2008 డిసెంబరులోనే ఎఫ్3డీఎం అనే కారు దింపింది. అమెరికాలో షెవర్లే వోల్ట్ 2010 చివర్లో వచ్చింది. 2024లో బీవైడీ అమ్మిన ప్రయాణికుల కార్లలో పూర్తి బ్యాటరీ కార్లు 17.6 లక్షలుంటే ప్లగ్-ఇన్‌లు దాదాపు 25 లక్షలు. మన దేశంలో మాత్రం ఇన్నాళ్లూ ఇది కోటీశ్వరుల గ్యారేజీ దాటి రాలేదు. 2016లో వచ్చిన వోల్వో ఎక్స్‌సీ90 టీ8 మొదలు బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం, మెర్సిడెస్ ఏఎంజీ సీ63, లాంబోర్గినీ ఉరుస్ ఎస్‌ఈ దాకా అన్నీ కోటి పైమాటే. వీటిలో కొన్నింటికి ప్లగ్గు పెట్టింది పెట్రోలు ఆదా కోసం కాదు, ఊపు పెంచడానికి. ఏఎంజీ సీ63 బ్యాటరీ ఆరు యూనిట్లే. దాని మీద కారు వెళ్లేది 13 కిలోమీటర్లు, అంటే మియాపూర్‌లో బయల్దేరితే హైటెక్ సిటీ దాటగానే అయిపోతుంది.

ధర దగ్గర పడే మొదటి దెబ్బ

జీఎస్టీ విషయంలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను ప్రభుత్వం పెట్రోలు కారుగానే చూస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకొచ్చిన స్లాబుల్లో, నాలుగు మీటర్ల పొడవు గానీ 1200 సీసీ ఇంజిన్ గానీ దాటిన పెట్రోలు హైబ్రిడ్‌కు 40 శాతం. బ్యాటరీ కారుకు 5 శాతం. దీని మీద తెలంగాణ లైఫ్ ట్యాక్స్ వస్తుంది. 20 లక్షలు దాటిన కారుకు అది 18 శాతానికి తగ్గదు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పూర్తి మినహాయింపు, 2026 డిసెంబరు 31 దాకా, విద్యుత్ వాహనాలకు ఉద్దేశించినది.

పన్నులు కలవకముందు రెండు కార్లూ 30 లక్షలే అనుకుందాం. జీఎస్టీ కలిస్తే బ్యాటరీ కారు 31 లక్షల 50 వేలు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ 42 లక్షలు. ఆ 42 లక్షల మీద 18 శాతం చొప్పున లైఫ్ ట్యాక్సే 7 లక్షల 56 వేలు. బీమా కలపకుండానే దాదాపు 50 లక్షలకు చేరింది. తేడా 18 లక్షలు. ఈ డబ్బు కారులో ఎక్కడా కనిపించదు, సీటు మెత్తనవదు, పికప్ పెరగదు. బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియం మీద హైబ్రిడ్‌లకు ఏడున్నర శాతం తగ్గింపు ఉంది గానీ, ఈ లెక్కలో అది చిల్లర. ఆకుపచ్చ నంబరు ప్లేటు కూడా రాదు, తెల్ల ప్లేటే. ఇంజిన్ ఉంది కాబట్టి పొల్యూషన్ సర్టిఫికెట్ మామూలే.

మరి ఎవరైనా ఎందుకు కొనాలి? కారణం ఉంది, బలమైనదే. సంక్రాంతి ముందురోజు ఎన్‌హెచ్ 65 మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లను తలుచుకుంటే చాలు. విజయవాడ ఇక్కడికి 275 కిలోమీటర్లు. బ్యాటరీ కారులో వెళ్లేవాళ్లు సూర్యాపేటలో చార్జర్ ఖాళీ ఉంటుందా, పనిచేస్తుందా, ముందు ఎన్ని కార్లు ఉంటాయి అని లెక్కలు వేసుకోవాలి. ప్లగ్-ఇన్ కారుకు ఆ బాధ లేదు, బంకు కనిపిస్తే చాలు. ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చి, సోమవారం ఉదయం ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి చుక్క పెట్రోలు కాలకుండా వెళ్లొచ్చు. ఇంట్లో ఒకే కారుకు చోటున్నవాళ్లకు ఈ రెండు పనులూ ఒక్క బండితో జరగడం చిన్న సుఖం కాదు. అన్నిటికీ మించి, ట్రాఫిక్‌లో ఆ నిశ్శబ్దం. ఇంజిన్ వణుకు లేకుండా, గేరు కుదుపు లేకుండా, ఏసీ ఆగకుండా అమీర్‌పేట దాటడం ఒకసారి అలవాటైతే మళ్లీ మామూలు పెట్రోలు కారు ఎక్కబుద్ధి కాదు.

కిలోమీటరుకు ఎంత పడుతుంది

మధ్య రకం ప్లగ్-ఇన్ ఎస్‌యూవీ ఒకటి తీసుకుందాం. బ్యాటరీ 18 యూనిట్లు. అడుగునా పైనా కాస్త వదిలేస్తే వాడుకోగలిగేది 15. నగరంలో ఏసీతో కిలోమీటరుకు 0.22 యూనిట్ బ్యాటరీలోంచి పోతుంది, అంటే ఒక చార్జికి 65, 70 కిలోమీటర్లు. చార్జింగ్‌లో పదో వంతు వేడిగా పోతుంది కాబట్టి మీటరు దగ్గర కిలోమీటరుకు 0.24 యూనిట్ తిరుగుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు కరెంటు మీద తిరిగితే 240 యూనిట్లు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పాత బిల్లులోని సగటు యూనిట్ ధరతో హెచ్చవేయడం. కారు తాగే యూనిట్లు బిల్లు పైఅంచున చేరతాయి. ఇంటి వాడకం 250 యూనిట్లు ఉన్న కుటుంబానికి మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, మిగతా 50కి 7.70 చొప్పున 1,405 రూపాయలు పడుతుంది. కారు వచ్చాక అది 490 యూనిట్లవుతుంది. 300 దాటాక 9 రూపాయలు, 400 దాటాక తొమ్మిదిన్నర. బిల్లు 3,545కు చేరుతుంది. అంటే కారు వాటా 2,140 రూపాయలు. కిలోమీటరుకు రెండు రూపాయల పద్నాలుగు పైసలు. వేసవిలో రెండు ఏసీలు రాత్రంతా తిరిగే ఇంట్లో ఇంకొంచెం పైకే పోతుంది.

అదే కారు బ్యాటరీ అయిపోయి పెట్రోలు మీద నడిస్తే, అంత బరువుతో నగరంలో లీటరుకు 13, 14 కిలోమీటర్లు ఇస్తే గొప్ప. లీటరు 107 రూపాయల లెక్కన కిలోమీటరుకు 8 రూపాయలు. తేడా దాదాపు ఆరు రూపాయలు కదా, నెలకు ఆరు వేలు మిగిలినట్టే కదా అని ఇక్కడే సేల్స్‌మన్ ఆగిపోతాడు. నిజానికి పోల్చాల్సింది దాంతో కాదు. అంతే సైజు స్ట్రాంగ్ హైబ్రిడ్ నగరంలో లీటరుకు 17 ఇస్తుంది, కిలోమీటరుకు 6 రూపాయల 30 పైసలు. దానికి ప్లగ్గు అక్కర్లేదు, పార్కింగ్ గొడవ లేదు. దాంతో పోలిస్తే మిగిలేది నెలకు 4,200, ఏడాదికి 50 వేలు. ప్లగ్-ఇన్ ధర దానికంటే ఆరు లక్షలు ఎక్కువైతే ఆ ఆరు లక్షలు రాబట్టడానికి పన్నెండేళ్లు పడుతుంది, అదీ ఏ నెలా వెయ్యి కిలోమీటర్లకు తగ్గకుండా తిరిగితే.

బయటి చార్జర్ల మీద ఆధారపడితే లెక్క ఇంకా పలచబడుతుంది. యూనిట్ 20 రూపాయలు పడితే కిలోమీటరుకు 4.80. స్ట్రాంగ్ హైబ్రిడ్‌తో తేడా రూపాయిన్నర. పైగా చాలా ప్లగ్-ఇన్ కార్లు డీసీ ఫాస్ట్ చార్జింగ్ తీసుకోవు. వాటి లోపలి చార్జర్ 3.7 కిలోవాట్లో 7.4 కిలోవాట్లో ఉంటుంది, బయట 60 కిలోవాట్ల యంత్రం ఉన్నా ఉపయోగం లేదు. మాల్‌లో రెండు గంటలు పెట్టి 30 కిలోమీటర్ల చార్జి ఎక్కించుకోవడం పనిలో పనిగా అయితే సరే, దానికోసమే వెళ్లడం దండగ.

గోడలోని ప్లగ్గు

కారుతో ఇచ్చే పోర్టబుల్ చార్జర్ సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. 2.3 కిలోవాట్ల దగ్గర ఖాళీ బ్యాటరీ నిండటానికి ఏడున్నర గంటలు, 3.3 కిలోవాట్ల దగ్గర ఐదు గంటల పైన. రాత్రి పదింటికి పెడితే తెల్లారేసరికి అయిపోతుంది. ఈ కారుకు గోడకు బిగించే ఏడు కిలోవాట్ల చార్జర్, అదే వాల్ బాక్స్, అవసరం లేదు. దానికోసం మీటరు లోడు పెంచుకోవడం, త్రీ ఫేజుకు మారడం అనవసర ఖర్చు.

అయితే ఐదు గంటలు ఆగకుండా 14 ఆంపియర్లు అంటే గీజరు లాంటి వాడకం కాదు. గీజరు పావుగంటలో ఆగిపోతుంది. ఇంట్లో ఏసీకి పనికొచ్చిన 15 ఆంపియర్ల సాకెట్ ఇక్కడ కొన్ని నెలల్లోనే గోధుమరంగుకు తిరగొచ్చు. లోపల స్క్రూ కాస్త వదులైనా అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. చార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్గు పైభాగం మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి నిలవనంత వేడి ఉంటే ఆ రాత్రికి ఆపేయాలి. మీటరు బోర్డు నుంచి మధ్యలో అతుకు లేకుండా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం 30 మీటర్లు దాటితే 6 చదరపు మిల్లీమీటర్లు, లోడు మించితే కరెంటు ఆపే 20 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఇండస్ట్రియల్ రకం సాకెట్. పని మొత్తం ఒక్క పూటలో అయిపోతుంది.

అసలు చిక్కు ఎర్తింగ్. హైదరాబాద్ నిలబడింది రాతి మీద. జూబ్లీహిల్స్, మాదాపూర్ వైపు రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. పైపు లోతుకు దిగదు, చుట్టూ తడి ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంత ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. ఫ్యాన్లు, లైట్లు ఇదేమీ పట్టించుకోవు. కారు చార్జర్ పట్టించుకుంటుంది. ఎర్త్ సరిగా లేదని తేలితే ఎర్రలైటు వెలిగించి మొండికేస్తుంది. కారు చెడిపోయిందని సర్వీస్ సెంటర్‌కి టోయింగ్ చేయించుకునేవాళ్లలో చాలామందికి తేలేది ఇదే. కొలిచి చూడటం తేలిక. చార్జింగ్ నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు ఉంటే మామూలే. ఐదు దాటితే గుంత దగ్గరికి వెళ్లాలి. బండ ఉన్నచోట రిగ్గుతో రంధ్రం వేయించి, పైపు చుట్టూ బెంటొనైట్ అనే బంకమట్టి నింపితే బొగ్గు, ఉప్పు కంటే ఎక్కువకాలం తడి పట్టి ఉంటుంది. వేసవిలో వారానికోసారి నాలుగు బకెట్లు నీళ్లు పోయమని వాచ్‌మన్‌కి చెప్పడం మాత్రం మరవకూడదు.

కొందరు ఎలక్ట్రీషియన్లు ఇక్కడో దొంగదారి చూపిస్తారు. సాకెట్ లోపల న్యూట్రల్ పిన్నునీ ఎర్త్ పిన్నునీ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. లైటు పచ్చగా వెలుగుతుంది, చార్జింగ్ మొదలవుతుంది, అందరూ సంతోషం. ఎప్పుడైనా ఆ లైనులో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు నేరుగా కారు బాడీ మీదికి వస్తాయి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి డోరు హ్యాండిల్ పట్టుకున్న మనిషి ప్రాణం పోవచ్చు. చార్జర్ ఆ ఎర్రలైటు వెలిగించేదే ఈ ప్రమాదం కనిపెట్టడానికి.

అపార్ట్‌మెంట్లలో వైరు కన్నా మనుషులతో పని ఎక్కువ. తమ ఫ్లాట్ మీటరు నుంచే లైను లాక్కోవడం అన్నిటికన్నా శుభ్రం, ఎవరి యూనిట్లు వాళ్ల బిల్లులో పడతాయి. కామన్ మీటరు నుంచి తీసుకుంటే సబ్ మీటరు పెట్టినా నెలనెలా లెక్కల పంచాయితీ తప్పదు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద చార్జింగ్ నడవకుండా ఆ లైనును జనరేటర్‌కు కలపకుండా వదిలేయాలి. డీజిల్ కాల్చి పుట్టించిన కరెంటుతో కారు నడిపితే పెద్దగా మిగిలేదేమీ ఉండదు. సాకెట్ నేల నుంచి ఐదడుగుల ఎత్తున ఉండాలి. 2020 అక్టోబరు 13 రాత్రి వాన తర్వాత సెల్లార్లు నిండిపోయిన కాలనీలవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. బ్యాటరీ పెట్టెకు నీటి నుంచి రక్షణ ఉంటుంది గానీ అది కొద్దిసేపు మునిగితే తట్టుకునేందుకే. రెండు రోజులు నీళ్లలో నానితే ఆశ వదులుకోవాలి. ఈ కారులో ఇంజిన్‌లోకి నీళ్లు పోయే భయం, బ్యాటరీ తడిసే భయం రెండూ ఉన్నాయి కాబట్టి బీమాలో ఇంజిన్ రక్షణ, బ్యాటరీ రక్షణ రెండు యాడ్-ఆన్‌లూ తీసుకోవాలి.

లీటరుకు 50 కిలోమీటర్లా?

బ్రోషర్‌లో కనిపించే లీటరుకు 50, 60 కిలోమీటర్ల అంకె అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. పరీక్షలో కొంత దూరం కరెంటు మీద, కొంత పెట్రోలు మీద నడిపి, జనం ఎంత తరచుగా చార్జి చేస్తారన్న ఊహతో రెండింటినీ కలిపి సగటు తీస్తారు. ఆ ఊహ మరీ ఉదారమైనది. యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో విడుదల చేసిన నివేదిక, 2021లో నమోదైన కార్ల లోపలి మీటర్ల నుంచే లెక్కలు తీసింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లు పరీక్ష అంకె కంటే ఐదో వంతు ఎక్కువ తాగితే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల కార్బన్ ఉద్గారాలు మూడున్నర రెట్లు తేలాయి. అంతకు రెండేళ్ల ముందు ఐసీసీటీ, ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధన సంస్థలు చేసిన అధ్యయనం అసలు గుట్టు చూపింది. సొంత డబ్బుతో కొన్నవాళ్లు నడిపిన దూరంలో 45 నుంచి 49 శాతం కరెంటు మీద సాగింది. కంపెనీ కార్లలో అది 11 నుంచి 15 శాతమే. కారు ఒకటే, పెట్రోలు బిల్లు ఎవరు కడుతున్నారన్నదే తేడా.

ఇక్కడి వేడి కూడా కొంత కోస్తుంది. మే నెల సాయంత్రం గచ్చిబౌలి నుంచి ఎల్‌బీ నగర్ దాకా 30 కిలోమీటర్లకు గంటా ముప్పావు పట్టిందనుకుంటే, ఏసీ సగటున ఒకటిన్నర కిలోవాట్ల చొప్పున రెండున్నర యూనిట్లు తాగేస్తుంది. అంటే పన్నెండు కిలోమీటర్ల దూరం చల్లగాలికే సరి. చలిదేశాల్లో అయితే హీటర్ వేయగానే కొన్ని కార్లలో ఇంజిన్ లేస్తుంది. ఆ తలనొప్పి మనకు లేదు.

మోడ్ బటన్ల గురించి ఒక మాట. ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 దాటి వెళ్తుంటే బ్యాటరీ గబగబా అయిపోతుంది, ఇంజిన్‌కు మాత్రం ఆ వేగం హాయి. కాబట్టి ఊరు దాటే ప్రయాణంలో ఔటర్ ఎక్కగానే ‘హోల్డ్’ లేదా ‘సేవ్’ నొక్కి చార్జి దాచుకుని, అవతలి ఊళ్లో వాడుకోవడం తెలివైన పని. ‘చార్జ్’ బటన్ మాత్రం ముట్టుకోకపోవడమే మంచిది. అది ఇంజిన్‌తో బ్యాటరీ నింపుతుంది. లీటరు పెట్రోల్లో తొమ్మిది యూనిట్ల దాకా శక్తి ఉన్నా, ఇంజిన్, జనరేటర్ దాటుకుని బ్యాటరీలో చేరేది మూడు యూనిట్లు కూడా ఉండదు. 107 రూపాయలకు మూడు యూనిట్లంటే యూనిట్ దాదాపు 36 రూపాయలు పడినట్టు. నగరంలో అంత ఖరీదైన కరెంటు ఏ చార్జర్ దగ్గరా ఉండదు.

నిద్రపోయే ఇంజిన్, అలిసిపోయే బ్యాటరీ

బాగా చార్జి చేసుకునేవాళ్లకు వచ్చే కష్టాలు వేరు. ఇంజిన్ వారాల తరబడి లేవదు. ట్యాంకులో పెట్రోలు నెలల కొద్దీ నిలవుంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్‌కు తేమ పీల్చే గుణముంది. చాలా ప్లగ్-ఇన్ కార్లకు ట్యాంకు గాలి చొరబడకుండా మూసి, లోపల ఒత్తిడితో ఉంటుంది. బంకులో బటన్ నొక్కాక కొన్ని సెకన్లు ఆగితే గానీ మూత తెరుచుకోదు. బంకు కుర్రాడు స్క్రూడ్రైవర్ తీయకముందే ఈ సంగతి చెప్పాలి. వోల్ట్ కారైతే ఆరు వారాలు ఇంజిన్ తిరగకపోతే తనే అడిగి తిప్పేది, పెట్రోలు సగటున ఏడాది పాతదైతే కాల్చేసేది. ఆ ఏర్పాటు లేని కారులో మనమే నెలకోసారి ఇంజిన్‌ను ఇరవై ముప్పై కిలోమీటర్లు బాగా వేడెక్కేదాకా నడపాలి, ట్యాంకును మూడో వంతుకు మించి నింపకుండా ఉంచుకోవాలి.

ఇంజిన్ లేచినా రెండు నిమిషాలకే ఆగిపోవడం అంతకంటే చెడ్డది. చల్లటి ఇంజిన్‌లో కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి జారుతుంది. తేమ ఆవిరయ్యేంత వేడి రాదు. ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తుంది. పైగా ఔటర్ ర్యాంపు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, అప్పటిదాకా నిద్రపోతున్న ఇంజిన్ ఒక్కసారిగా మూడు నాలుగు వేల ఆర్‌పీఎంకి ఎగురుతుంది. మామూలు కారులో ఎవరూ అలా చేయరు. అందుకే ఓడోమీటర్ ఎంత తక్కువ చూపినా ఆయిల్ ఏడాదికోసారి మార్చాల్సిందే. సర్వీస్ ఖర్చు బ్యాటరీ కారులా తగ్గదు. ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు అన్నీ ఉన్నాయి, వాటికి తోడు బ్యాటరీ కూలెంట్, ఇన్వర్టర్.

బ్యాటరీ చిన్నది కాబట్టి రోజూ పూర్తిగా ఖాళీ అయి పూర్తిగా నిండుతుంది. 60 యూనిట్ల బ్యాటరీ కారు వారంలో చూసే చార్జింగ్ సైకిళ్లు ఇది రెండు రోజుల్లో చూస్తుంది. కంపెనీలు సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, అయితే మామూలు అరుగుదల అందులోకి రాదు. 60 కిలోమీటర్లు వెళ్లేది కొన్నేళ్లకు 48కి తగ్గిందనుకుంటే, రానూపోనూ 50 కిలోమీటర్లున్న ఉద్యోగికి ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం చివరి రెండు కిలోమీటర్లకు ఇంజిన్ లేస్తుంది. పైన చెప్పిన ఆయిల్ జబ్బుకు అంతకంటే మంచి పుట్టిల్లు ఉండదు. అందుకే రోజువారీ దూరానికి కనీసం మూడో వంతు అదనంగా ఇచ్చే బ్యాటరీ ఎంచుకోవాలి. నిండా చార్జి చేసి ఎండలో రోజంతా నిలబెట్టడం కూడా తగ్గించాలి. టైమర్ పెట్టి చార్జింగ్ బయల్దేరే ముందు ముగిసేలా చూసుకుంటే రెండు పనులూ అవుతాయి.

చిన్న చిక్కులు ఇంకొన్ని. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, 12 వోల్టుల చిన్న బ్యాటరీ డౌన్ అయితే కారు లేవదు, డోరు కూడా తెరుచుకోకపోవచ్చు. పది రోజులు ఊరెళ్లేవాళ్లు దాని సంగతి చూసుకోవాలి. బ్రేకుల పని చాలావరకు మోటారే చేసేస్తుంది కాబట్టి వానాకాలంలో డిస్కులు తుప్పు పడతాయి. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే చాలు. బ్యాటరీ కోసం చాలా మోడళ్లలో స్టెప్నీ తీసేసి పంక్చర్ కిట్ ఇస్తారు, డిక్కీ ఎత్తు తగ్గుతుంది. పండక్కి బియ్యం బస్తాలు తెచ్చుకునే ఇంటివాళ్లు సూట్‌కేసులతో వెళ్లి డిక్కీ కొలుచుకోవాలి. సెల్లార్ ఎలుకల సంగతి సరేసరి. మామూలు వైరు కొరికితే మెకానిక్ అతుకు వేస్తాడు. నారింజ రంగు హైవోల్టేజ్ కేబుల్‌కు అతుకు ఉండదు, మొత్తం మార్చాల్సిందే. అది ముట్టుకునే శిక్షణ గల్లీ మెకానిక్‌కి ఉండదు కూడా.

నిప్పు భయం గురించి అడిగేవాళ్లు ఎక్కువ. 2020లో యూరప్‌లో ఫోర్డ్ కూగా ప్లగ్-ఇన్ కార్లను బ్యాటరీ సెల్స్‌లో లోపం వల్ల వెనక్కి పిలిచారు, సరిచేసేదాకా ప్లగ్గు పెట్టొద్దని యజమానులకు చెప్పారు. అలాంటివి జరుగుతాయి, కానీ ఇంటి స్థాయిలో తగలబడే అవకాశం కారు కన్నా వదులు సాకెట్‌కే ఎక్కువ.

పాత ప్లగ్-ఇన్ కొనేటప్పుడు చూడాల్సినవి మామూలు కార్లకంటే భిన్నంగా ఉంటాయి. ముందు డిక్కీలో కేబుల్ తీసి దాని పిన్నులు చూడాలి. మెరుస్తూ కొత్తగా ఉంటే కారు పెట్రోలు మీదే తిరిగిందన్నమాట, బ్యాటరీ బాగుండొచ్చు గానీ ఇంజిన్ బరువు మోసి అరిగింది. పిన్నులు నల్లబడి ఉంటే చార్జర్ చుట్టూ వేడి చరిత్ర ఉంది. తర్వాత బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి, సబ్ మీటరున్న సాకెట్‌లో రాత్రంతా పెట్టి, ఎన్ని యూనిట్లు తిరిగాయో రాసుకోవాలి. కొత్తలో 17 యూనిట్లు తాగే కారు 13కే నిండిపోతే, స్క్రీన్ ఏం చూపించినా సరే, నాలుగో వంతు బ్యాటరీ పోయింది. చివరగా ఇంజిన్ ఆయిల్ మూత విప్పి, లోపలివైపు వేలితో తుడిచి చూడాలి. వేలికి మీగడ అంటితే అమ్మేవాళ్లు అడిగిన ధర నుంచి కిందికి బేరం మొదలుపెట్టొచ్చు.